ప్లస్సా? మైనస్సా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేశారు. హాస్టల్ అనగానే నీళ్ళ సాంబారు మీదా, పోయిన చెప్పుల మీదా, గోడ దూకి కోసుకొచ్చిన మామిడికాయల మీదా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఆ జ్ఞాపకాలు మాకూ ఉన్నాయి. కానీ ఈసారి మేము చేసిన ఒక తప్పు గురించి రాయాలనిపించింది. అది డాప్లర్ ప్రభావం పాఠంలో ఒక ప్లస్సు, ఒక మైనస్సు దగ్గర జరిగిన తప్పు. చూడటానికి చిన్నదే. కానీ దానివల్ల మన హాస్టల్ పిల్లవాడు ఒకడు పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

అప్పుడు మేము డిగ్రీ రెండో సంవత్సరం. ఒకే గదిలో నలుగురం, నలుగురిదీ ఫిజిక్స్ ఉన్న గ్రూపే. నూజివీడులో మన హాస్టల్‌లో ఇంటర్ వాళ్ళూ డిగ్రీ వాళ్ళూ కలిసే ఉండేవాళ్ళం. బయట ట్యూషన్‌కు డబ్బులు కట్టే స్తోమత ఎవరికీ లేదు. రాత్రి భోజనాలయ్యాక స్టడీ అవర్‌లో పై క్లాసు అన్నలే కింది క్లాసు తమ్ముళ్ళకు మాస్టార్లు. మాకు మా అన్నలు చెప్పారు, మేము మా తమ్ముళ్ళకు చెప్పాం. అట్ట ఊడిపోయిన పాత ఎంసెట్ గైడు ఒకటి చేతులు మారుతూ మా దాకా వచ్చింది. అదే మాకు వేదం.

డిసెంబరులో సీనియర్ ఇంటర్ తమ్ముళ్ళకు తరంగాల పాఠం రివిజన్ చేయించాం. డాప్లర్ ప్రభావం మీ అందరికీ తెలిసిందే. రైలు కూత వేస్తూ మన వైపు వస్తుంటే ఆ కూత కీచుగా వినిపిస్తుంది. మనల్ని దాటి వెళ్ళగానే బొంగురుపోతుంది. డ్రైవరు మాత్రం ఒకే కూత వేస్తున్నాడు. ఈ తేడాను లెక్కగట్టే సూత్రాన్ని మేము బోర్డు మీద ఇలా రాశాం. వినిపించే పౌనఃపున్యం కావాలంటే, అసలు పౌనఃపున్యాన్ని (ధ్వని వేగం − శ్రోత వేగం)తో గుణించి, (ధ్వని వేగం − జనకం వేగం)తో భాగించాలి. "ఇది బట్టీ పట్టండి, మార్కులు ఎటూ పోవు" అని చెప్పి పడుకున్నాం.

గైడులో ఆ సూత్రానికి ముందు పేజీలో ఒక వాక్యం ఉంది. ధ్వని వెళ్ళే దిశ, అంటే జనకం నుంచి శ్రోత వైపు ఉన్న దిశ ధనాత్మకం అని. ఆ పేజీ చిరిగిపోలేదు, ఎలుకలు కొట్టలేదు. మేమే చదివి వినిపించలేదు. ఆ వాక్యానికి మార్కులు లేవు కదా అనుకున్నాం.

సంక్రాంతి సెలవుల తర్వాత ప్రీఫైనల్ పరీక్షలు జరిగాయి. అందులో ఒక లెక్క వచ్చింది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో రైలు స్టేషను వైపు వస్తోంది. కూత పౌనఃపున్యం 640 హెర్ట్జ్. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. ప్లాట్‌ఫారం మీద నిలబడిన మనిషికి వినిపించే పౌనఃపున్యం ఎంత? 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. రావలసిన జవాబు 680. మా తమ్ముడు 604 రాశాడు. సున్నా వచ్చింది. మొత్తం పేపరులో కూడా మార్కులు తగ్గాయి.

వాడు మొద్దు పిల్లవాడు కాదు. మేము చెప్పిన సూత్రాన్ని ఒక్క అక్షరం తేడా లేకుండా రాశాడు. తర్వాత తన పుస్తకం తీసి చదువుకున్న సంజ్ఞా సంప్రదాయాన్ని కూడా సరిగ్గానే గుర్తు పెట్టుకున్నాడు. ఆ పుస్తకంలో శ్రోత నుంచి జనకం వైపు ఉన్న దిశ ధనాత్మకం. ఎన్‌సీఈఆర్‌టీ పాత పదకొండో తరగతి పుస్తకంలో ఉన్నదీ ఇదే. ఆ లెక్కన శ్రోత వైపు వస్తున్న రైలు వేగం మైనస్ 20. దాన్ని తీసుకెళ్ళి మా సూత్రంలో వేశాడు. 340లోంచి మైనస్ 20 తీసేస్తే 360. 640ని 340తో గుణించి 360తో భాగిస్తే 604. అంటే దగ్గరకొస్తున్న రైలు కూత బొంగురుపోయింది!

ఆ తర్వాత వాడు స్టడీ అవర్‌కు రావడం మానేశాడు. ఫిబ్రవరిలో ఒక శనివారం ఇంటికని వెళ్ళి సోమవారం రాలేదు. మరో వారం గడిచినా రాలేదు. పెట్టె కూడా తీసుకెళ్ళిపోయాడని అప్పుడు చూశాం. ఫోన్ చేస్తే ఒకే మాట చెప్పాడు. "అన్నా, మీరు చెప్పిందీ రాశాను, పుస్తకంలో ఉన్నదీ రాశాను. రెండూ కరెక్టే అయితే నేనే పనికిరానట్టు. నాకు ఫిజిక్స్ రాదన్నా."

ఆ మాట విన్నాక మాకు అన్నం సహించలేదు. అప్పుడు గైడు తీసి ఆ ముందు పేజీ చదివాం. తప్పు వాడిది కాదని తెలిసింది.

మరుసటి ఆదివారం నలుగురం కలిసి వెళ్ళాం. వాళ్ళ నాన్నగారు ఆగిరిపల్లి వైపు ఒక మామిడి తోటకు కాపలా. మన ప్రాంతం సంగతి మీకు చెప్పేదేముంది. మాఘంలో తోటలోకి అడుగు పెడితే పూత వాసన, ఈగల రొద. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ అన్నీ ఉన్న తోట అది. ముందుగా పూసిన చెట్లకు పిందె బఠాణీ గింజంత అయింది. బోరు మోటారు వేసి నీళ్ళు పెడుతున్నారు. తమ్ముడు మందు కొట్టే డ్రమ్ము దగ్గర ఉన్నాడు. మమ్మల్ని చూసి తల దించుకున్నాడు.

వాళ్ళ నాన్నగారు మంచం వాల్చి కూర్చోమన్నారు. "వాడికి లెక్కలు అంటట్లేదంట బాబూ. బలవంతం పెట్టి ఏం లాభం? పరీక్ష ఫీజు కట్టాం, పోతే పోయిందిలే" అన్నారు. ఆ ఫీజు ఎన్ని రోజుల కూలో మాకు తెలుసు. మా ఇళ్ళల్లో కూడా లెక్క అలాగే ఉంటుంది. "పెదనాన్నా, వాడికి లెక్కలు వచ్చు. మేమే తప్పు చెప్పాం" అన్నాం. ఆయన మమ్మల్ని వింతగా చూశారు.

అక్కడ బోర్డు లేదు, చాక్‌పీసు లేదు. ఎదురుగా బోదెలో నీళ్ళు పారుతున్నాయి. ఎండిన మామిడాకులు నాలుగు చేతిలోకి తీసుకున్నాం. తమ్ముణ్ణి పిలిచి, బోదె పక్కన నిలబెట్టి, ఒకటి, రెండు అని లెక్కపెడుతూ సెకనుకో ఆకు నీళ్ళలో వేయమన్నాం. లెక్క తేలికగా ఉండాలని నీళ్ళు సెకనుకు ఒక మీటరు పారుతున్నాయనుకున్నాం. అప్పుడు ఆకుకూ ఆకుకూ మధ్య దూరం ఒక మీటరు. కింద నిలబడిన మాకు సెకనుకు ఒక ఆకు అందుతుంది. ఆకులు వేసేవాడు ధ్వని జనకం, లెక్కపెట్టే మేము శ్రోత, నీళ్ళు గాలి, ఆకుల మధ్య దూరం తరంగదైర్ఘ్యం.

ఇప్పుడు ఆకులు వేస్తూ సెకనుకు అర మీటరు చొప్పున మా వైపు నడవమన్నాం. వాడు నడిచినంత మాత్రాన నీళ్ళ వేగం పెరగదు. కానీ ఒక ఆకు మీటరు దూరం పోయేసరికి వాడు అర మీటరు ముందుకొచ్చి ఇంకో ఆకు వేస్తాడు. ఆకుల మధ్య దూరం అర మీటరే అవుతుంది. మాకు సెకనుకు రెండు ఆకులు అందుతాయి.

తర్వాత వాడు నిలబడ్డాడు, మేము వాడి వైపు సెకనుకు అర మీటరు చొప్పున ఎదురు నడిచాం. ఇప్పుడు ఆకుల మధ్య దూరం మారలేదు, మీటరే. కానీ నీళ్ళ వేగానికి మా వేగం కలిసింది. సెకనుకు ఒకటిన్నర మీటర్ల నీళ్ళను దాటుతున్నాం కాబట్టి ఒకటిన్నర ఆకులు అందుతాయి.

తమ్ముడు ఆగిపోయాడు. "అదేంటన్నా, నేను నడిచినా మీరు నడిచినా వేగం ఒకటేగా? ఒకసారి రెండు, ఒకసారి ఒకటిన్నర ఎందుకొచ్చింది?"

జనకం నడిస్తే ఆకుల మధ్య దూరం మారుతుంది, అందుకే దాని వేగం సూత్రంలో హారంలో ఉంటుంది. శ్రోత నడిస్తే దూరం మారదు, ఆకులను కలుసుకునే వేగం మారుతుంది, అందుకే అతని వేగం లవంలో ఉంటుంది. ఈ సంగతి మాక్కూడా ఆ బోదె గట్టు మీదే నిజంగా అర్థమైంది. అంతకుముందు మాకు వచ్చింది సూత్రం మాత్రమే.

ఇంకో రెండు చూశాం. మేము నీళ్ళతో సమానంగా కిందికి నడిస్తే మా పక్కన ఉన్న ఆకే పక్కన ఉంటుంది, కొత్త ఆకు అందదు. వాడు నీళ్ళతో సమానంగా నడుస్తూ వేస్తే ఆకులన్నీ ఒకే చోట కుప్ప పడతాయి. ధ్వని వేగాన్ని అందుకున్న విమానం ముందు తరంగాలు అలాగే కుప్పపడతాయి.

అప్పుడు సంజ్ఞల దగ్గరికొచ్చాం. పుల్లతో నేల మీద ఒక గీత గీసి, ఒక చివర రైలు, ఒక చివర మనిషి పెట్టాం. పుస్తకం ప్రకారం మనిషి నుంచి రైలు వైపు బాణం గీయాలి. బాణం వైపు వెళ్తే ప్లస్సు, ఎదురు వస్తే మైనస్సు. అప్పుడు సూత్రం (ధ్వని వేగం + శ్రోత వేగం) పైన, (ధ్వని వేగం + జనకం వేగం) కింద. రైలు వేగం మైనస్ 20 కాబట్టి కింద 320. జవాబు 680. గైడు ప్రకారం బాణం రైలు నుంచి మనిషి వైపు. రైలు వేగం ప్లస్ 20, కానీ సూత్రంలోనే మైనస్ ఉంది కాబట్టి కింద మళ్ళీ 320. జవాబు 680. రెండూ కరెక్టే. కానీ ఒక దాని బాణం, ఇంకో దాని సూత్రం కలపకూడదు. వాడు కలిపాడు, మేము కలిపించాం.

వాళ్ళ నాన్నగారు పైపు చుట్టుకుంటూ ఇదంతా వింటున్నారు. "మన సాగర్ ఎడమ కాలువ సంగతి కూడా ఇంతేగా" అన్నారు. మాకు వెంటనే అర్థం కాలేదు. "ఒకసారి డ్యాము చూడ్డానికి పోయాను. నీళ్ళు నిలిచిన వైపు తిరిగి నిలబడితే ఎడమ కాలువ నా కుడి చేతి వైపున్నది. అదేంటని అడిగితే, ఏరు పారే వైపు మొహం పెట్టి చూడాలయ్యా అన్నారు" అని నవ్వారు. సంజ్ఞా సంప్రదాయం అంటే అంతకంటే బాగా ఏ లెక్చరరూ చెప్పలేరు. కాలువ ఎక్కడికీ కదలదు. మనం ఎటు తిరిగి నిలబడ్డామో ముందు చెప్పుకుంటేనే ఎడమ అన్న మాటకు అర్థం. సంప్రదాయం ప్రకృతి నియమం కాదు, మనుషులు కలిసి చేసుకున్న ఒప్పందం.

తమ్ముడిలో హుషారు వచ్చింది. "మరి పట్టాల పక్క రోడ్డు మీద మనం బండి మీద పోతున్నాం. వెనక నుంచి రైలు వస్తోంది. రైలు మనకు దగ్గరవుతోంది కదా, శ్రోత దగ్గరవుతున్నట్టా, దూరమవుతున్నట్టా?" అని అడిగాడు. మా చదువులో మేము ఎప్పుడూ అడగని ప్రశ్న అది. బండి వేగం సెకనుకు 10 మీటర్లు, రైలు 20 అనుకున్నాం. మధ్య దూరం తగ్గుతోందా పెరుగుతోందా అని చూడకూడదు. ఒక్కొక్కరినీ విడివిడిగా చూడాలి. మనిషి నుంచి రైలు వైపు బాణం గీస్తే అది వెనక్కి చూపిస్తుంది. బండి ముందుకు పోతోంది కాబట్టి మైనస్ 10. రైలు కూడా ముందుకే వస్తోంది కాబట్టి మైనస్ 20. పైన 330, కింద 320. 640 హెర్ట్జ్ కూత 660గా వినిపిస్తుంది.

రైలు దాటిపోయాక? బండి అదే బండి, వేగం అదే, దారి అదే. కానీ ఇప్పుడు రైలు ముందుంది కాబట్టి బాణం ముందుకు తిరిగింది. బండి ప్లస్ 10, రైలు ప్లస్ 20. పైన 350, కింద 360. కూత 622కు దిగింది. "మనం ఏమీ మారకపోయినా మన గుర్తు మారిపోయిందన్నా" అన్నాడు వాడు. అవును, బాణం తిరిగితే గుర్తు తిరుగుతుంది.

ఆ సాయంత్రం వాడు మాతోపాటే బయల్దేరాడు. వాళ్ళ నాన్నగారు పెట్టె మోసుకుని బస్సు దాకా వచ్చారు. నేరుగా హాస్టల్‌కు రాకుండా హనుమాన్ జంక్షన్ వైపు వెళ్ళాం. నూజివీడు పేరున్న రైల్వే స్టేషను నూజివీడులో లేదు కదా, జంక్షన్ దగ్గర విజయవాడ–ఏలూరు లైను మీద ఉంది. లెక్క చెవితో వినాలని మా కోరిక. మాలో ఒకడు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని వాణ్ణి జాగ్రత్తగా వినమన్నాం.

ఇది మేము కనిపెట్టిన పద్ధతి కాదు. ఆస్ట్రియాకు చెందిన క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రాగ్ నగరంలో ఈ సిద్ధాంతాన్ని చెప్పాడు. ఆయన దృష్టి నక్షత్రాల రంగుల మీద ఉంది. రంగుల విషయంలో ఆయన అనుకున్నది నిలవలేదు కానీ సూత్రం నిలిచింది. 1845లో బైస్ బాలట్ అనే డచ్ శాస్త్రవేత్త ఉట్రెక్ట్ దగ్గర రైలు మీద బాకాలు ఊదేవాళ్ళను ఎక్కించి, పట్టాల పక్కన సంగీతం తెలిసిన వాళ్ళను నిలబెట్టి పరీక్షించాడు. అప్పట్లో పౌనఃపున్యం కొలవడానికి వాళ్ళ చెవులే పరికరాలు.

చీకటి పడే వేళకు ఒక గూడ్సు బండి కూత వేస్తూ ఆగకుండా దాటిపోయింది. మేము పట్టాలకు కొంచెం దూరంగా ఉన్నాం కాబట్టి కూత ఒక్కసారిగా కాక జారుతూ దిగింది. "ఒక తెల్లమెట్టు నుంచి పక్క తెల్లమెట్టుకు దిగింది, రి నుంచి స కు" అన్నాడు కీబోర్డు మిత్రుడు. ఆ రెండు స్వరాల నిష్పత్తి 9కి 8. వచ్చేటప్పటి పౌనఃపున్యాన్ని పోయేటప్పటి దానితో భాగిస్తే (340 + రైలు వేగం) ÷ (340 − రైలు వేగం) వస్తుంది. అసలు పౌనఃపున్యం ఎంతో తెలియనక్కరలేదు, అది కొట్టుకుపోతుంది. దాన్ని 9/8కి సమానం చేస్తే రైలు వేగానికి 17 రెట్లు 340. అంటే వేగం సెకనుకు 20 మీటర్లు, గంటకు 72 కిలోమీటర్లు! పరీక్షలో సున్నా తెచ్చిన రైలే మా ముందు నుంచి పోయినట్టయింది. చెవి అంచనా కాబట్టి వేగం చాలా కిలోమీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు. తమ్ముడు మాత్రం టికెట్టు వెనక ఆ లెక్క రాసి జేబులో పెట్టుకున్నాడు.

మార్చిలో వాడు పరీక్షలు రాశాడు. పాసయ్యాడు, డిగ్రీలో ఫిజిక్స్ ఉన్న గ్రూపులోనే చేరాడు.

తర్వాత మేము పీజీకి వచ్చాం. అప్పుడు ఇంట్లో ఇంకో సంగతి జరిగింది. అక్క కడుపుతో ఉంటే డాప్లర్ స్కాన్ తీశారు. కాగితం మీద ఎర్ర మచ్చలు, నీలం మచ్చలు ఉన్నాయి. నీలం చూసి బిడ్డ రక్తం చెడిపోయిందని అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే కాబట్టి ఫోన్ మాకు వచ్చింది. అది కూడా డాప్లరే. మన చెవికి వినపడని ధ్వనిని లోపలికి పంపి, కదిలే రక్తం నుంచి తిరిగొచ్చే ధ్వనిలో తేడా చూస్తారు. మామూలుగా పరికరం వైపు వచ్చే రక్తానికి ఎరుపు, దూరంగా పోయే రక్తానికి నీలం వేస్తారు. మంచి రక్తం, చెడు రక్తం అని కాదు. బొమ్మ పక్కనే ఏ రంగు ఎటో చూపే పట్టీ ఉంటుంది. మీట నొక్కితే ఆ రంగులు తారుమారు కూడా చేయొచ్చు. "బిడ్డ ఎలా ఉందో డాక్టరమ్మ చెబుతుందమ్మా, ఆ రంగు మాత్రం రక్తం ఎటు పోతోందో చెప్పేదే" అన్నాక అమ్మ స్థిమితపడింది. ఆ పట్టీ చూడకుండా నీలాన్ని చూసి భయపడటం, బాణం చూడకుండా మైనస్సును రాయడం ఒకటే.

ఇప్పుడు స్టడీ అవర్‌లో పాఠాలు చెప్పేది మీరు. మాకు చెప్పిన అన్నల మీద మాకు కోపం లేదు, వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. కానీ మేము ఒక పిల్లవాణ్ణి దాదాపు పోగొట్టుకున్నాం. మన దగ్గరికి వచ్చే పిల్లవాడికి ఒక లెక్క తప్పితే, లెక్క తప్పింది అనుకోడు, నేనే పనికిరాను అనుకుంటాడు. ఇంట్లో వాళ్ళు కూడా పాపం అదే నిజమనుకుంటారు. కాబట్టి సూత్రం రాసే ముందు బాణం గీయండి. జవాబు వచ్చాక దగ్గరకొచ్చే రైలు కీచుగా వినిపిస్తోందో లేదో ఒక్కసారి సరిచూడమనండి.

చిన్న తమ్ముళ్ళకు ఒక్క మాట. ఏ అన్నయినా బాణం గీయకుండా సూత్రం రాస్తే, భయపడకుండా చెయ్యెత్తి అడగండి: "అన్నా, ఎటు ప్లస్సు?"